ఉన్నచోటే నాలుగు ముక్కలు నేర్పాలనుకునేవాళ్లకు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో పనికి వచ్చే ఆమెకు సంతకం, అమ్మకు ఫోన్, పక్కింటి పిల్లాడికి తీసివేతలు. ఎవరికో ఒకరికి ఏదో ఒకటి నేర్పాలని చాలామందికి ఉంటుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆగిపోతారు. మాది నెల్లూరు జిల్లా కావలి. నేను టీచర్ని కాదు, ఒక మందుల షాపులో లెక్కలు రాస్తాను. పదహారేళ్లుగా సాయంత్రం పూట మా వరండాలో ఎవరో ఒకరు పలకో, నోటు పుస్తకమో, ఫోనో పట్టుకుని కూర్చుంటున్నారు. ఈ పదహారేళ్లలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు ఇవి.

నేను టీచర్ని కాదు, డిగ్రీ కూడా మధ్యలోనే ఆగిపోయింది. నేనేం నేర్పగలను?

మా అమ్మకు చదవడం నేర్పింది ఇంటర్ తప్పిన ఒక అమ్మాయి. 1991లో మా జిల్లాలో అక్షర దీపం కార్యక్రమం నడుస్తున్న రోజులవి. నాకప్పుడు పన్నెండేళ్లు. రాత్రి అన్నాలయ్యాక ఆడవాళ్లు లాంతర్లు పట్టుకుని రామాలయం అరుగు మీద చేరేవాళ్లు. నేర్పేవాళ్లు ఎక్కడి నుంచో రాలేదు. ఆ ఊరి పిల్లలే, జీతం లేకుండా చెప్పేవాళ్లు. ఆ వాచకాల్లో సారా వల్ల కాపురాలు ఎలా గుల్లవుతున్నాయో చెప్పే పాఠం ఒకటి ఉండేది. అక్షరాలు దిద్దుతూనే ఆ పాఠం మీద మాట్లాడుకునేవాళ్లు. మా జిల్లాలోనే ఉన్న దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించింది ఆ మాటల తర్వాతే. అది 1992. ఆ ఉద్యమం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. దాని వెనక పెద్ద పెద్ద కారణాలు చాలా ఉన్నాయి, కాదనను. కానీ మొదట్లో ఉన్నది మాత్రం అరుగు, లాంతరు, ఊళ్లో నాలుగు ముక్కలు వచ్చిన కుర్రకారు.

కాబట్టి మీకు ఏం వచ్చో ఒక కాగితం మీద రాయండి. బ్యాంకులో ఫారం నింపడం, జాకెట్ కత్తిరించడం, స్కూటీ నడపడం, కరెంటు బిల్లు చదవడం, రైలు టికెట్ బుక్ చేయడం. మీకు ఇవన్నీ చిన్న విషయాలే. వాటి కోసం ప్రతిసారీ ఇంకొకరిని బతిమాలుకునే మనిషికి చిన్నవి కావు.

నేర్చుకునేవాళ్లు ఎక్కడ దొరుకుతారు?

వెతకక్కర్లేదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యత 67 శాతం. ఏడేళ్లు దాటినవాళ్లలో ప్రతి ముగ్గురిలో ఒకరికి చదవడం రాదన్నమాట. ఆ తర్వాత పరిస్థితి ఎంత మారినా, మన అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్ ఇంట్లోనో, కూరగాయల బండి దగ్గరో, మన సొంత ఇంట్లోనో ఒకరు ఉంటారు. వాళ్లు నోరు తెరిచి అడగరు. "కళ్లజోడు మర్చిపోయాను, ఇది కాస్త చదివి పెట్టమ్మా" అంటారు. ఒకే మనిషి మూడుసార్లు కళ్లజోడు మర్చిపోతే నాకు అర్థమైపోతుంది.

పెద్దవాళ్లకు అ, ఆ నుంచే మొదలుపెట్టాలా?

నేను పెట్టను. యాభై ఆరు అక్షరాలు వరసగా దిద్దించేసరికి రెండు నెలలు గడుస్తాయి. ఈలోపు ఆమెకు పనికొచ్చే మాట ఒక్కటీ చదవడం రాదు. విసుగొచ్చి మానేస్తుంది.

చాలామంది సంతకంతో మొదలుపెట్టమని అడుగుతారు. అడగడం న్యాయమే. డ్వాక్రా సంఘంలో అందరి ముందూ వేలిముద్ర వేయడం ఎంత నామోషీగా ఉంటుందో వాళ్లకే తెలుసు. కానీ ఇక్కడ ఒక చిక్కుంది. మన పేర్లు చూడండి. లక్ష్మి, సత్యవతి, వెంకటేశ్వర్లు, అచ్చమ్మ. ఒత్తు లేని పేరు తక్కువ. 'లక్ష్మి' అనే రెండక్షరాల్లో కకు ష ఒత్తు, దాని కింద మ ఒత్తు, పైన గుడి. చదువుకున్నవాళ్లే ఆ ఒత్తులు తారుమారు చేస్తుంటారు. కమల, రమణ లాంటి పేరుంటే మొదటి రోజే సంతకం వచ్చేస్తుంది. లక్ష్మికి మాత్రం అది బొమ్మ గీయడమే అవుతుంది.

అందుకని నేను రెండూ కలిపి నడిపిస్తాను. సంతకాన్ని బొమ్మలాగే రోజూ పదిసార్లు గీయమంటాను, అది ఆమె సంతోషం కోసం. పక్కనే తల, వల, పలక, కడప లాంటి ఒత్తుల్లేని, గుణింతాల్లేని మాటలు నేర్పుతాను. పది అక్షరాలతో ఇరవై మాటలు వస్తాయి. ఆ తర్వాత ఆమె రోజూ చూసే మాటలు: బస్సు బోర్డు మీద ఊరి పేరు, రేషన్ కార్డు మీద ఇంటిపేరు, పచారీ చీటీలో కందిపప్పు. ప, వ, మ కలిసిపోతుంటాయి. దానికి కంగారు పడొద్దు, అందరికీ కలుస్తాయి. మూడూ ఒకే రోజు నేర్పకండి. ఒకటి బాగా కుదిరాక వారం ఆగి రెండోది చెప్పండి.

మొన్నీమధ్య ఒకామె 'కావలి' అన్న మాట బస్సు మీద తనంతట తానే చదివింది. బస్సు ఎక్కకుండా అక్కడే నిలబడి ఇంకోసారి చదువుకుందట. బస్సు వెళ్లిపోయింది. తర్వాత బస్సుకి వచ్చి, ఆలస్యానికి కారణం ఇదమ్మా అని చెప్పింది.

"ఈ వయసులో నాకెందుకమ్మా" అంటే ఏం చెప్పాలి?

'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న సామెత ఈ విషయంలో మనకు చాలా కీడు చేసింది. నేర్చుకోని తప్పు వాళ్లదే అన్నట్టు వినపడుతుంది. ఆ మనిషి మొక్కగా ఉన్నప్పుడు పత్తి చేలో ఉంది, తమ్ముడిని చంకనేసుకుని ఉంది. అలాంటప్పుడు ఉపన్యాసం ఇవ్వకండి. "సరే, నీ మనవడి పేరొక్కటి రాసి చూడు" అనండి. మనవడి పేరు కోసం చాలామంది చెయ్యి కదుపుతారు. అయినా వద్దంటే వదిలేయండి. బలవంతంగా కూర్చోబెట్టడం నేర్పడం కాదు.

వాళ్ల మాట వేరు, పుస్తకం మాట వేరు. తప్పులు దిద్దాలా?

'ఒస్తది', 'చేస్తన్నా' అని రాస్తే మొదట్లో అస్సలు దిద్దను. తను పలికిన మాట కాగితం మీద కనపడటమే పెద్ద సంగతి. గిడుగు వేంకట రామమూర్తి గారిని మనం ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం పేరుతో తలుచుకుంటాం. వాడుక భాష కోసం పోరాడారని అందరికీ తెలుసు. దానికంటే ముందు ఆయన పర్లాకిమిడిలో ఉండగా సవరలకు చదువు చెప్పాలనుకుని, ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు రాసి బడులు పెట్టించారు. నేర్పాలనుకున్న మనిషి ముందు ఎదుటివాళ్ల మాట నేర్చుకోవడమనే ఆ పద్ధతి నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. అంత పని మనం చేయలేకపోయినా 'ఒస్తది' అన్న మాటను ఒస్తది అనే రాయనివ్వొచ్చు కదా. చదవడం గాడిన పడ్డాక 'వస్తుంది' అని ఆమే చూసి దిద్దుకుంటుంది.

మా అమ్మకు ఫోన్‌లో డబ్బు పంపడం నేర్పుతుంటే విసుగొచ్చేస్తోంది. పదిసార్లు చెప్పినా మర్చిపోతుంది. ఏం చేయాలి?

ఒక ప్రశ్న అడుగుతాను. చెప్పేటప్పుడు ఫోన్ ఎవరి చేతిలో ఉంది?

దాదాపు ప్రతి ఇంట్లో జరిగేది ఇదే. "ఇలా ఇవ్వు అమ్మా" అని ఫోన్ లాక్కుంటాం. టకటకా నాలుగు చోట్ల నొక్కి "చూశావా, ఇంతే" అంటాం. ఆవిడ చూసింది మన బొటనవేలిని, స్క్రీన్‌ని కాదు. నేను కూడా మా అమ్మ విషయంలో ఏడాది పాటు ఇదే చేశాను. ఒకరోజు ఆవిడ, "నువ్వు చేస్తే వచ్చేస్తుందే, నేను చేస్తేనే రాదు" అంది. ఆ మాటతో నాకు కళ్లు తెరుచుకున్నాయి. అప్పటి నుంచి ఒకటే నియమం పెట్టుకున్నాను. నేర్పేటప్పుడు నా రెండు చేతులూ వీపు వెనక కట్టుకుంటాను. నిజంగానే కట్టుకుంటాను. ఎంత ఆలస్యమైనా, తప్పు చోట నొక్కినా, ఫోన్ ముట్టుకోను. నోటితోనే చెప్తాను. వెనక్కి రావడం ఎలాగో అన్నిటికంటే ముందు నేర్పుతాను. దారి తప్పినా ఇంటికి తిరిగి రాగలనన్న ధైర్యం ఉంటే భయం సగం పోతుంది.

ఇక వరస. ముందు బ్యాలెన్స్ చూసుకోవడం, ఒక వారం అదే. తర్వాత మీకు ఒక్క రూపాయి పంపడం. రోజూ ఒక రూపాయి. పోయినా ఒక్క రూపాయే కాబట్టి టెన్షన్ ఉండదు. ఆ తర్వాత మీరు పక్కన ఉండగా పాలవాడికి. ఆవిడ సొంత నోటు పుస్తకంలో సొంత మాటల్లో రాసుకోనివ్వండి. మా అమ్మ పుస్తకంలో 'నీలం గుండ్రం నొక్కాలి' అని ఉంటుంది. అది ఆవిడకు అర్థమైతే చాలు. పిన్ మాత్రం ఆ పుస్తకంలోనూ వద్దు, ఫోన్ కవరు వెనకా వద్దు.

దీంతోపాటే ఒక్క సంగతి నూరిపోయాలి. డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టే పని లేదు, ఏదీ స్కాన్ చేసే పనీ లేదు. 'డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టండి' అన్నవాడు దొంగ. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. పిల్లలు తిడతారన్న భయంతో చాలామంది పెద్దవాళ్లు చెప్పరు. కాబట్టి తిట్టనని ముందే మాటివ్వండి.

పక్కింటి బాబు ఆరో తరగతి. లెక్కలు అస్సలు రావంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టను?

ఆరో తరగతి పుస్తకం తెరవకండి. ఎక్కడ జారిపడ్డాడో ముందు చూడాలి. 402 లోంచి 178 తీసేయమని ఇచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని చూడండి. జవాబు 224. వాడు 376 వేశాడనుకోండి, ప్రతి చోటా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నాడన్నమాట. 2 లోంచి 8 పోదు కాబట్టి 8 లోంచి 2 తీశాడు. వాడు మొద్దు కాదు, తనకు తెలిసిన పద్ధతిని శ్రద్ధగా పాటించాడు. 'అప్పు తేవడం' ఎందుకో ఎవరూ చూపించలేదు, అంతే.

నాలుగు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు చేతికిచ్చి "నాకు 178 ఇవ్వు" అనండి. చిల్లర లేదంటాడు. ఒక వంద మార్చుకోమనండి, పది పది రూపాయల నోట్లు. ఒక పది మళ్లీ మార్చుకోమనండి, పది రూపాయి బిళ్లలు. అయిదు నిమిషాల్లో సున్నా మీద అప్పు ఎలా వచ్చిందో వాడి చేతికి తెలుస్తుంది. ఆ తర్వాతే కాగితం.

భిన్నాలు కూడా అంతే. కిలో అరవై అయితే ముప్పావు కిలో నలభై అయిదు అని వాళ్లమ్మ నోటితో లెక్క చెప్పేస్తుంది. పావు, అర, ముప్పావు ఇంట్లో ఉన్న మాటలే. వాటిని 1/4, 1/2, 3/4 పక్కన రాసి చూపించండి. వాళ్లమ్మ చేత చెప్పిస్తే మరీ మంచిది. తల్లికి లెక్కలు వచ్చని ఆ పిల్లాడికి అప్పటిదాకా తెలియకపోవచ్చు.

పదో తరగతి పిల్లలకు దారి చూపించాలని ఉంది. నాకు తెలిసింది తక్కువ. సలహా ఇవ్వొచ్చా?

ఏం చదవాలో మీరు తేల్చి చెప్పకండి. దారులేమున్నాయో చెప్పండి. తెలివి ఉండి కూడా ఫలానా పరీక్ష ఉందని తెలియక, తెలిసేసరికి గడువు దాటిపోయి నష్టపోయిన పిల్లలను ఎంతోమందిని చూశాను. కాబట్టి ఇవి గుర్తుపెట్టుకోండి.

అయిదో తరగతి పిల్లలకు నవోదయ ప్రవేశ పరీక్ష ఉంది. 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందులో సగం ప్రశ్నలు బొమ్మల రీజనింగ్, రోజూ ఓ పావుగంట సాధన చేయిస్తే వచ్చేవే. ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి చదువుతూ, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటనివాళ్లకు ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. పది తర్వాత డిప్లొమాకి పాలిసెట్. పదో తరగతి మార్కుల మీద బాసర, నూజివీడు, ఇడుపులపాయ లాంటి ట్రిపుల్ ఐటీల్లో ఆరేళ్ల చదువు. ఐటీఐ అంటే చిన్నచూపు చూడకండి, ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడులతో స్థిరపడ్డ ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. బడి మధ్యలో మానేసినవాళ్లకు రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూల్ ద్వారా టెన్త్ రాసే వీలుంది. పెళ్లై పిల్లలున్న ఆడవాళ్లు కూడా రాయొచ్చు.

సలహా కంటే ఎక్కువ పనికొచ్చేది వెంట వెళ్లడం. ఆదాయ ధ్రువీకరణ పత్రం, కుల ధ్రువీకరణ పత్రం కోసం మా దగ్గర సచివాలయానికి, తెలంగాణలో మీ సేవకు తిరగాలి. కూలి మానుకుని మూడుసార్లు తిరగలేకే చాలామంది తల్లిదండ్రులు వదిలేస్తారు. మొదటిసారి మీరు వెళ్లండి, కౌంటర్ దగ్గర మాత్రం ఆ పిల్లనే మాట్లాడనివ్వండి. మళ్లీ అదే మాట, చేతులు వెనక్కి.

ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు సాయం చేయాలని ఉంది. క్లాస్ పీకుతున్నారనుకుంటారేమో?

అడగకుండా చెప్తే అనుకుంటారు. మీరు మొదటి నెలలో చేసిన ఒక పెద్ద తప్పు చెప్పండి. నేను మొదటి నెలలో ఒక బిల్లులో సున్నా ఎక్కువ వేశాను. మా షాపులో కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ ఆ సంగతి చెప్తాను. అది విన్నాక వాళ్ల తప్పులు నా దగ్గర దాచరు. అక్కడి నుంచి నేర్పడం సులువు.

చేతిపని ఎలా నేర్పాలి? మా రోజుల్లో చూసి నేర్చుకున్నాం.

చూసి నేర్చుకోవడం మంచిదే. కానీ అలా నేర్చుకున్నవాళ్లు ఎన్నేళ్లు కత్తెర ముట్టుకోకుండా గుండీలు కుడుతూ గడిపారో అడగండి. మా వీధిలో కుట్టు నేర్పే ఆవిడ మొదటి రోజే కత్తెర చేతికిస్తుంది. గుడ్డ కాదు, పాత పేపరు. మెడ, చంక, చెయ్యి అన్నీ పేపరులో కత్తిరించి, పిన్నులతో జాకెట్‌లా కూర్చి, ఒంటి మీద పెట్టి చూపిస్తుంది. చంక దగ్గర పట్టేసిందా లేదా పేపరే చెప్పేస్తుంది. పాడైతే పోయేది పేపరే. మీరు ఏ పని నేర్పుతున్నా, పాడైనా ఫరవాలేదనిపించే వస్తువు ఒకటి వెతకండి.

పనికి వచ్చే ఆమె కుర్చీలో కూర్చోనంటుంది. ఏం చేయను?

ఇది చాలామంది మెల్లగా, పక్కకు పిలిచి అడుగుతారు. మీరు కుర్చీలో, ఆమె నేల మీద ఉన్నంతసేపు అక్కడ నడిచేది పాఠం కాదు. ఆమె కుర్చీలో కూర్చోనంటే మీరు చాప వేసుకుని పక్కన కూర్చోండి. టీ ఇస్తే మీరు తాగే గ్లాసుల్లోదే ఇవ్వండి. ఆ గంట జీతంలోకీ రాదు, పని గంటల్లోకీ రాదు. 'చదువు చెప్తున్నాను కదా' అని ఇంకో బకెట్ బట్టలు ఉతికించుకోవడం చాలా అన్యాయం.

పరాయి పిల్లలకు నేర్పేటప్పుడు జాగ్రత్తలు?

తల్లిదండ్రులకు చెప్పకుండా ఏ పిల్లకూ పాఠం చెప్పకండి. వరండాలో కూర్చోండి, లేదా తలుపులు బార్లా తీసి ఉంచండి. ఒక్కరికంటే ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే మంచిది. కొట్టడం, గిల్లడం, గుంజీలు ఏవీ వద్దు. పిల్ల ఏదైనా ఇంటి బాధ చెప్పుకుంటే తేలిగ్గా తీసేయకండి. అపాయం అనిపిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి.

బడికే వెళ్లని పిల్ల కనిపిస్తే నేనే చదువు చెప్పేయనా?

వద్దు, ముందు బడిలో చేర్పించండి. భవనాల పని దగ్గర, ఇటుక బట్టీల దగ్గర ఇలాంటి పిల్లలు కనిపిస్తారు. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. టీసీ లేదని, పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదని కాదనకూడదు. ఈ ఒక్క మాట తెలిసి హెడ్మాస్టరు గారి దగ్గరకు మర్యాదగా వెళ్తే పని అవుతుంది. మీ పాఠం సాయంత్రం, తరగతిని అందుకోవడానికి.

డబ్బు తీసుకోవచ్చా? ఎంత టైము కేటాయించాలి?

ట్యూషన్ మీ బతుకుతెరువైతే తీసుకోండి, తప్పేం లేదు. నేను తీసుకోను. జామకాయలు తెచ్చిస్తే మాత్రం వద్దనను. టైము రోజుకు అరగంట, వారానికి నాలుగు రోజులు. ఆదివారం ఒక్కసారే మూడు గంటలు చెప్పడం కంటే ఇది ఎంతో నయం.

మేం బెంగళూరులో, అమెరికాలో ఉంటాం. మా పిల్లలకే తెలుగు చదవడం రాదు.

అమెరికాలో సిలికానాంధ్ర మనబడి లాంటి చోట్ల వారాంతాల్లో తెలుగు నేర్పేవాళ్లలో ఉద్యోగాలు చేసుకునే అమ్మానాన్నలే ఉంటారు. వీలుంటే అలా ఒక తరగతి తీసుకోండి. లేదంటే అమ్మమ్మనే మాస్టారిని చేయండి. వీడియో కాల్‌లో "బాగున్నావా, తిన్నావా" అయ్యాక మాట్లాడటానికి ఏమీ ఉండదు కదా, అప్పుడు రోజుకు ఒక పొడుపు కథ. జవాబు మాత్రం పిల్ల తెలుగులో రాసి పలక చూపించాలి. మా అమ్మ హైదరాబాద్‌లో ఉన్న నా చెల్లెలి కూతురికి ఇలాగే నేర్పుతోంది. అరుగు మీద లాంతరు వెలుగులో దిద్దిన చేత్తోనే ఆవిడ ఇప్పుడు స్క్రీన్ మీద ఒత్తులు దిద్దిస్తోంది.

మధ్యలో మానేస్తే?

మానేస్తారు. పంట కోతలు, పెళ్లిళ్లు, కూతురి పురుడు. తిట్టకండి, వెళ్లి నిలదీయకండి. పలక అక్కడే ఉంచండి. నా దగ్గర ఒకామె రెండేళ్ల తర్వాత తిరిగి వచ్చింది. ఎక్కడ ఆపామో నాకు గుర్తు లేదు, ఆమెకు గుర్తుంది.

నేర్పడం ఎప్పుడు ఆపాలి?

మా ఇంట్లో పనిచేసే అక్క ఏడాదిన్నర నా దగ్గర చదువుకుంది. తర్వాత సంఘంలో లీడర్ అయ్యాక వీలు చిక్కక పాఠాలు ఆగిపోయాయి. కిందటి సంక్రాంతికి ముందు తన పాస్‌బుక్ చూసుకుంటే కట్టిన కంతు ఒకటి ఎక్కలేదట. రసీదు తీసుకుని, తేదీ చూసుకుని, తనే వెళ్లి అడిగి సరిచేయించుకుని వచ్చింది. ముందు నాతో ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు గిన్నెలు తోముతూ, నీళ్ల చప్పుడులో, వేరే ఏదో విషయం మధ్యలో చెప్పింది.